మీకు తెలుసా? మెత్తని సీటే ముందు నొప్పి పెడుతుంది

బైకు సీటు కొనేటప్పుడు చాలామంది బొటనవేలితో నొక్కి చూస్తారు. వేలు దిగబడితే బాగుందనుకుంటారు. దూర ప్రయాణంలో ముందు నొప్పి పెట్టేది అలాంటి సీటే. కూర్చున్నప్పుడు పైశరీరం బరువులో ఎక్కువ భాగం పిరుదుల అడుగునున్న రెండు ఎముకల మొనల మీద పడుతుంది. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు కింద పెట్టుకుంటే అవి చేతికి తగులుతాయి. మరీ మెత్తటి ఫోమ్‌లో ఆ మొనలు దిగబడిపోతాయి. కాసేపటికి ఫోమ్ అణిగిపోయి, అడుగునున్న ప్లాస్టిక్ బేస్ ఎముకకు ఆనుతుంది. పైగా మొనలు దిగిన కొద్దీ వాటి మధ్యనున్న మెత్తని భాగం మీద బరువు పడి, అక్కడి నరాలు, రక్తనాళాలు నలుగుతాయి. తిమ్మిరెక్కేది అందుకే. కాస్త గట్టిగా ఉండి బరువును వెడల్పుగా పంచే సీటు మొదటి ఐదు నిమిషాలు అంత హాయిగా అనిపించదు. మూడో గంటలో దాని విలువ తెలుస్తుంది.

ఫోమ్ సాంద్రత వేరు, గట్టితనం వేరు. అమ్మేవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది సాంద్రత. అది ఎక్కువుంటే సాధారణంగా ఫోమ్ ఎక్కువకాలం మన్నుతుంది. దాన్ని అణచడానికి ఎంత బలం కావాలన్నది గట్టితనం. సాంద్రత ఎక్కువగా ఉన్నా మెత్తగా ఉండే ఫోమ్ దొరుకుతుంది, తక్కువ సాంద్రతతో గట్టిగా ఉండేదీ దొరుకుతుంది. కాబట్టి ‘హై డెన్సిటీ’ అన్న ఒక్క మాట విని డబ్బులు ఇచ్చేయకండి. సీటు మీద మోకాలు ఆనించి ఒంటి బరువంతా వేసి చూడండి. అడుగున బేస్ తగిలితే ఆ ఫోమ్ మీ బరువుకు చాలదు. 60 కిలోల మనిషికి చక్కగా కుదిరిన సీటు 90 కిలోల మనిషి కింద అణిగిపోవచ్చు. స్నేహితుడి బండి సీటు బాగుందని అలాంటిదే కొనడంలో ఉన్న ఇబ్బంది ఇదే.

మీ ఎముకల మొనల మధ్య దూరాన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఫ్రిజ్‌కో టీవీకో వచ్చిన అట్టపెట్టెలోంచి ఒక ముక్క కోసి, గట్టి స్టూలు మీద వేసి, పల్చటి బట్టలతో దాని మీద కూర్చోండి. కాస్త ముందుకు వంగి, అర నిమిషం ఆగి లేవండి. కంటికి సరిగా కనిపించకపోయినా, వేలితో తడిమితే అట్ట మీద రెండు గుంటలు తెలుస్తాయి. వాటి చుట్టూ పెన్సిలుతో గీసి, ఒకదాని నడిమి నుంచి రెండోదాని నడిమికి స్కేలు పెట్టండి. సైకిల్ సీట్ల ఎంపికకు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతి ఇది. పెద్దవాళ్లలో చాలామందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య వస్తుంది, ఆడవాళ్లకు సగటున కాస్త ఎక్కువ. బైకు మీద మీరు నిజంగా కూర్చునే చోట సీటు చదునుగా, ఈ కొలత కంటే వెడల్పుగా ఉండాలి. అంచు వంపు మీద మొన పడితే ఎంత ఖరీదైన ఫోమైనా దండగే.

తొలినాళ్ల బైకుల్లో చాలావాటికి వెనక చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్లే ఉండేవి కావు. గుంతల దెబ్బంతా తోలు సీటు, దాని కింది స్ప్రింగులే కాసేవి. ఫోమ్ సంగతి తర్వాతి కాలానిది. ఇవాళ్టి సీట్లలో వాడే పాలీయూరిథేన్‌ను 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనిపెట్టింది. 1950లో నార్టన్ రేసు బైకులకు మెకాండ్లెస్ సోదరులు రూపొందించిన కొత్త ఫ్రేము, వెనక సస్పెన్షన్ వచ్చాయి. ఆ ఏడాది ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ టీటీ రేసును జెఫ్ డ్యూక్ ఆ బండి మీదే గెలిచాడు. సుఖం అన్నది సీటుతో పాటు చక్రాల దగ్గర కూడా తేలే విషయమని అప్పటికే బాగా అర్థమైంది. అందుకే సీటు మార్చే ముందు వెనక షాక్ అబ్జార్బర్ల సెట్టింగు చూసుకోండి. ఒక్కరే తిరిగే బండికి ఇద్దరి బరువుకు తగ్గట్టు స్ప్రింగు బిగించి ఉంటే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. టైర్లలో గాలి ఎక్కువైనా అంతే. ఈ రెండూ సరిచేశాక సీటు మార్చే అవసరమే కనిపించకపోవచ్చు. అన్నట్టు, 2009లో మన దేశంలో విడుదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్‌కు వెనక షాక్ అబ్జార్బర్లు ఉన్నా స్ప్రింగుల సీటు కూడా ఇచ్చారు.

గట్టి సీట్లకు ప్రపంచమంతా పేరున్న తయారీదారు మైక్ కార్బిన్‌ది అమెరికా. 1974లో ఆయన బోన్‌విల్ ఉప్పు మైదానంలో విద్యుత్ మోటార్ సైకిల్‌ను గంటకు 265 కిలోమీటర్లకు పైగా వేగంతో నడిపి రికార్డు నెలకొల్పాడు. ఆయన సంస్థ చేసే సీట్లు కొత్తలో బల్లలా అనిపిస్తాయి. వాడిన కొద్దీ ఒంటికి అమరుతాయి.

సీటు మీద కట్టుకునే గాలి దిండ్లు బైకుల కోసం పుట్టినవి కావు. చక్రాల కుర్చీకే పరిమితమైనవారికి ఒత్తిడి పుండ్లు పడకుండా అమెరికాలోని రోహో సంస్థ చిన్న చిన్న గాలి గదులతో దిండ్లు చేసింది. ఒక గది అణిగితే గాలి పక్క గదుల్లోకి జరిగి బరువు సమంగా పంచుకుంటుంది. ఆ పరిజ్ఞానమే తర్వాత ఎయిర్‌హాక్ పేరుతో బైకుల మీదికి వచ్చింది. చాలామంది దాంట్లో గాలి నిండా ఊది, మలుపుల్లో ఊగిపోతున్నామని పక్కన పడేస్తారు. కూర్చున్నాక మెల్లగా గాలి వదలండి. సీటుకూ మీకూ మధ్య ఒక వేలి మందం మిగిలేటట్టు ఉంటే సరిపోతుంది.

జెల్ సంగతి మన ఎండలను దృష్టిలో పెట్టుకుని ఆలోచించాలి. జెల్ వేడిని పట్టి ఉంచుతుంది. మే నెలలో కొత్తగూడెంలోనో రెంటచింతలలోనో నల్ల రెక్సిన్ కింద జెల్ ఉన్న బండిని మధ్యాహ్నం ఎండలో పెట్టి వచ్చి కూర్చుంటే, ఆ వేడి అంత తొందరగా దిగదు. మన ప్రాంతానికి గాలి ఆడే మెష్ కవరే మేలని నా అభిప్రాయం. వాన నీరు కూడా దానిలో నిలవదు. జీన్సు ప్యాంటు కాళ్ల మధ్య ఉండే దళసరి కుట్టును చాలామంది పట్టించుకోరు. ఆ కుట్టు సరిగ్గా నరాల మీద పడి పెట్టే బాధకు సీటును తిట్టుకుంటారు.

స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805. మధ్యలో ఉన్న తేడా రెండు సెంటీమీటర్లే అయినా పొట్టివాళ్లకు సిగ్నల్ దగ్గర బాగా తెలుస్తుంది. మరి సీటు మీద రెండంగుళాల ఫోమ్ అదనంగా వేయించుకుంటే 50 మిల్లీమీటర్లు లేచినట్టే. ముందు భాగాన్ని వెడల్పు చేసినా తొడలు ఎడంగా జరిగి కాలు నేలకు అందదు. వెనక వెడల్పుగా, ట్యాంకు దగ్గర సన్నగా ఉండాలి. సీటు ముందుకు వాలి ఉన్నా చిక్కే. బ్రేకు వేసినప్పుడల్లా జారి ట్యాంకుకు గుద్దుకుంటారు.

కొత్త సీటు కొనడం కంటే ఉన్నదాన్నే తిరిగి చేయించుకోవడం మనవాళ్లకు చవక. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేసే చేతులకు కొదవ లేదు. మంచి పనివాడు ముందు కవరు అంచునున్న పిన్నులు ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్‌తో లేపుతాడు. అణిగిన చోట పాత ఫోమ్‌ను హాక్సా బ్లేడుతో పొరలుగా కోసి తీసేసి, ఆ గుంటలో గట్టి రీబాండెడ్ ఫోమ్ ముక్క అతికిస్తాడు. దాని మీద పల్చటి మెత్తని పొర వేసి, అంచులను గరుకు కాగితంతో అరగదీస్తాడు. ఇక్కడే మీరు పక్కన నిలబడాలి. కవరు బిగించక ముందే బండి మీద పెట్టించి, మామూలుగా నడిపే భంగిమలో పావుగంట కూర్చోండి. కోయాల్సింది అప్పుడే కోయించుకోవాలి. కుట్టు సరిగ్గా కూర్చునే చోట రాకుండా చూడండి. అక్కడ కుట్టుంటే ఒరుసుకుంటుంది, సూది రంధ్రాల్లోంచి వాన నీరు ఫోమ్‌లోకి దిగుతుంది. ఫోమ్ మీద పల్చటి ప్లాస్టిక్ షీటు వేయించండి.

బిగించేటప్పుడు సీటు ముందు కొక్కెం ట్యాంకు వెనకనున్న పట్టీ కిందికి పూర్తిగా వెళ్లిందో లేదో చూడాలి. బేస్ అడుగున రబ్బరు బుష్‌లు ఉంటాయి. పని చేసిన చోట అవి రాలిపోవడం మామూలే. ఒక్కటి లేకపోయినా సీటు కదులుతుంది, బేస్ పగులుతుంది. లాక్ పడ్డాక రెండు చేతులతో వెనక నుంచి పైకి లాగి చూడండి.

వెనక కూర్చునే మనిషి గురించి చట్టం ఏం చెబుతోందో తెలుసా? మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఆ మనిషిని బండికి గట్టిగా బిగించిన సరైన సీటు మీదే ఎక్కించుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రకారం పట్టుకోవడానికి హ్యాండిల్, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండాలి. చీర, చున్నీ చక్రంలో చిక్కుకోకుండా కాపాడేది ఆ గార్డే. సీటు అందంగా కనిపించాలని ఈ మూడింటిలో దేన్నీ తీయించకండి. సీటు చేయించే రోజు మీ వెనక రోజూ కూర్చునే మనిషిని కూడా షాపుకు తీసుకెళ్లి, కవరు బిగించే ముందు కూర్చోబెట్టి అడగండి.