రేడియేటరులో బోరునీరు.. ఇంజినుకు చేటు

బద్వేలు: వేసవిలో మైదుకూరు, నెల్లూరు దారుల్లో కారు వేడెక్కితే దగ్గరలోని బోరునీటిని రేడియేటరులో పోయడం పరిపాటి. అప్పటికి గండం గడుస్తుంది. అయితే ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి సున్నపు పొరగా గట్టిపడి సన్నని గొట్టాలను మూసివేస్తాయి. కూలెంటు పలుచబడి తుప్పు మొదలవుతుంది.

ఇంజిను పూర్తిగా చల్లారాకే మూత తీసి రంగు చూడాలి. ఎర్రమట్టి రంగు కనిపిస్తే సాధారణంగా అది తుప్పే. పాత ద్రవాన్ని దించి, డిస్టిల్డ్ వాటరు నింపి, థర్మోస్టాట్ తెరుచుకునే వరకు ఇంజిను నడిపి, చల్లారాక మళ్లీ దించాలి. తేటనీరు వచ్చేదాకా ఇలా చేయవలసిందే. తర్వాత కారు కంపెనీ సూచించిన కూలెంటునే నింపాలి. రంగు కలిసింది కదా అని ఏదో ఒక డబ్బా పోయడం పొరపాటు.

పాలు కలిపిన టీ రంగులో జిడ్డు తేలితే సంగతి వేరు. హెడ్ గాస్కెట్ లేదా ఆయిల్ కూలర్ దెబ్బతిని ఆయిలు కలిసి ఉండవచ్చు. అసలు లోపం సరిచేయకుండా ఎన్నిసార్లు కడిగినా డబ్బు దండగ. డిప్‌స్టిక్‌కూ అదే రంగు అంటితే ఇక స్టార్టు చేయరాదు. నీరు కలిసిన ఆయిలుతో బేరింగులు అరిగిపోతాయి. బండిని లాక్కెళ్లి షెడ్డుకు చేర్చడమే మేలు.

దించిన ద్రవాన్ని కాలువలో పారబోయరాదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు తాగితే మూత్రపిండాలు చెడి చనిపోతాయి.