తుపాను రోజుల్లో ఇంట్లోకి వచ్చే బ్యాటరీ



2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు గాలి. ఆ తర్వాత గంజాం జిల్లాలో ఎన్ని రోజులు చీకట్లో గడిపామో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు అటు పలాస, ఇచ్ఛాపురం వారికీ అదే అవస్థ. అలాంటి రోజుల్లో మనం చేసే పని ఒకటుంది. కారుదో ట్రాక్టరుదో బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకుంటాం. ఒక బల్బు వెలిగితే చాలు, సెల్‌ఫోను బతికితే చాలు అనుకుంటాం. మామూలు రోజుల్లో మెకానిక్ చూసుకునే వస్తువు, సరిగ్గా చీకట్లో, కొవ్వొత్తి పట్టుకున్న మన చేతికి వస్తుంది.

ఫైలిన్ వెళ్లిన నాలుగైదు రోజులకు మా వీధిలో ఒకాయన జనరేటరు అద్దెకు తెచ్చి కారు బ్యాటరీకి చార్జింగ్ పెట్టారు. జనరేటరు వీధిలో ఉంది, బ్యాటరీ మాత్రం దొంగల భయానికి చిన్న గదిలో పెట్టి తలుపు మూశారు. రాత్రి ఎంతవరకు ఎక్కిందో చూద్దామని కొవ్వొత్తితో వంగారు. మా ఇంటికి టపాకాయ పేలినట్టు వినబడింది. బ్యాటరీ పైభాగం పగిలి ఆసిడ్ ముఖాన పడింది. వాళ్లావిడ ఎవరి సలహా కోసమూ చూడకుండా ఆయన్ని నూతి దగ్గర కూర్చోబెట్టి, రెప్పలు విప్పి పట్టుకుని, బిందెల కొద్దీ నీళ్లు ధారగా పోస్తూనే ఉంది. కళ్లు దక్కాయి.

అసలు ఏం జరిగింది? బ్యాటరీలో సీసపు పలకలు, వాటి చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం ఉంటాయి. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఏర్పాటే ఇప్పటికీ మన కార్లలో ఉంది. చార్జింగ్ నిండే దశకు వచ్చాక కరెంటు ఆ నీటిని విడగొడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకి వస్తాయి. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. గదిలోని గాలిలో నూటికి 4 పాళ్లు చేరితే చాలు, అంటుకోవడానికి సిద్ధం. కొవ్వొత్తే అక్కర్లేదు. బీడీ, అగరువత్తి, వైరు తగిలినప్పుడు వచ్చే చిన్న మెరుపు, ఏదైనా సరే. నీళ్లు పోయనక్కర్లేదని చెప్పి అమ్మే బ్యాటరీకి కూడా గ్యాసు బయటికి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. కనుక చార్జింగ్ వరండాలోనో, కిటికీలు తెరిచిన గదిలోనో పెట్టండి. చూడాలనిపిస్తే టార్చిలైటు వేయండి.

ఇక ఆ మెరుపు రాకుండా చూడటమంతా వరుసలో ఉంది. ముందు చార్జరు క్లిప్పులు బ్యాటరీకి తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ కట్టి, తర్వాత క్లిప్పులు తీయాలి. కారులోంచి బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయమంటారు. ఎందుకో చాలామంది చెప్పరు. కారు ఇనుప శరీరమంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పబోతే, మీ స్పానర్ ప్రమాదవశాత్తు బాడీకి తగిలిందా, వందల ఆంపియర్లు ఆ స్పానర్‌లోంచే పారతాయి. మైనస్ ముందే తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. చేతికి ఉంగరం, గడియారం, గాజులు ఉంటే తీసి పక్కన పెట్టండి. బంగారమైనా క్షణంలో ఎర్రగా కాలుతుంది.

ఇంకో బండి నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఆఖరు నల్ల క్లిప్పును పడుకున్న బ్యాటరీ మీద పెట్టకండి. దానికి దూరంగా ఇంజనులోని ఇనుము మీద పెట్టండి. మెరుపు వచ్చినా గ్యాసుకు దూరంగా వస్తుంది.

ఎంత కరెంటు పెట్టాలి? బ్యాటరీ మీద రాసిన ఆంపియర్ అవర్లలో పదో వంతు. 35 అని ఉంటే మూడున్నర ఆంపియర్లు, ఖాళీ బ్యాటరీకి సుమారు 10 నుంచి 12 గంటలు. తొందరపడి ఎక్కువ ఎక్కిస్తే వేడెక్కి మరింత గ్యాసు వదులుతుంది.

మన బరంపురంలో ఒక మాట చిక్కుంది. ఒడియాలో పాణి అంటాం, తెలుగులో నీళ్లు అంటాం. దుకాణంలో 'బ్యాటరీ పాణి' అని అడిగితే ఒకరు డిస్టిల్డ్ వాటర్ ఇస్తారు, ఇంకొకరు ఆసిడ్ ఇస్తారు. రెండూ చూపుకు ఒకటే. వాడుతున్న బ్యాటరీలో తగ్గేది నీరే, కాబట్టి డిస్టిల్డ్ వాటర్ అని విప్పి చెప్పి అడగండి. బోరు నీరు పోయకండి, అందులోని లవణాలు పలకల్ని తినేస్తాయి. ఆసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో ఉంచే అలవాటు మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. ఇంట్లో పిల్లలుంటారు. ఇక్కడ నా విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు: "మాస్టారూ, ఆమ్లంలో నీరు పోయకూడదని మీరే చెప్పారు కదా?" నిజమే, గాఢ ఆమ్లంలో పోస్తే మరిగి చిమ్ముతుంది. బ్యాటరీలో ఉన్నది ముందే నీరు కలిపినది, అందుకే కాస్త నీరు చేరిస్తే ఫరవాలేదు.

ఒంటి మీద ఆసిడ్ పడితే తడిసిన బట్ట తీసేసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే నీళ్లు తప్ప మరేదీ వేయకండి, కడిగాక వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వంటసోడా నేల మీద ఒలికిన ఆసిడ్‌కే, కంటికి కాదు.

ఆ ఒకాయన ఇప్పుడు ఇన్వర్టరు పెట్టించుకున్నారు, వరండాలో, గోడకు పైన జాలీ ఉన్న చోట. దాని పక్కన దీపం పెట్టే గూడు ఉండేది. వాళ్లావిడ దాన్ని ఇటుకలతో మూయించింది.