వేపమండకు ఉన్న మన్నన నోటీసుకు లేదెందుకు?

2020 ఏప్రిల్ 24న తమిళనాడు ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. చెన్నై, కోయంబత్తూరు, మదురై నగరాల్లో 26 ఉదయం నుంచి నాలుగు రోజులు పూర్తి లాక్‌డౌన్, కిరాణా అంగళ్లు కూడా తెరవరని దాని సారాంశం. మరునాడు చెన్నై కోయంబేడు మార్కెట్లో జనం భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. మే 5న ఆ మార్కెట్‌ను మూసేశారు. అప్పటికే అక్కడ పనిచేసిన కూలీలతో, సరుకు లారీలతో వ్యాధి కడలూరు, అరియలూరు, విల్లుపురం జిల్లాల పల్లెలకు చేరిపోయింది.

ఆ రోజు సంచి పట్టుకుని వెళ్లినవాళ్లకు దూరం పాటించాలని తెలియదా? తెలుసు. ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించి, ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పిన రోజులవి. తెలిసీ వెళ్లారు. జబ్బు రేపు రావచ్చు, రాకపోవచ్చు. ఇంట్లో ఉల్లిపాయలు అయిపోవడం మాత్రం ఖాయం. పక్కింటివాళ్లు వెళ్లి రెండు సంచులు తెచ్చుకుంటే మనకేం మిగులుతుందన్న భయం ఒకటి. రెండు భయాలు ఎదురుపడినప్పుడు కంటికి కనిపించేదే గెలుస్తుంది. పైగా అంతమంది నిలబడి ఉంటే, అంత ప్రమాదమైతే ఇందరు వస్తారా అనిపిస్తుంది. గుంపు తనకు తానే ధైర్యం చెప్పుకుంటుంది.

మేము పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం గనుక, తెలిస్తే చాలు మారతారని నమ్మడం మా వృత్తిలోనే ఉంది. కోవిడ్ కాలం ఆ నమ్మకాన్ని బాగా కుదిపింది. తెలియడానికి, చేయడానికి మధ్య ఏముందో తల్లిదండ్రులతో కలిసి మాట్లాడుకోవలసిన అవసరం ఇప్పటికీ ఉంది. ఫ్లూ, తట్టు, ఆటలమ్మ ఏటా బడికి వస్తూనే ఉన్నాయి కదా.

మొదట 'మనవాళ్లు' అనే మాట చూద్దాం. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 మనకు ఉగాది. ఇతర రాష్ట్రాల్లో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు ఉగాది అంటే ఇంటి పండుగ మాత్రమే కాదు, తెలుగు మాట వినపడే నలుగురూ ఒకచోట చేరే రోజు. బస్సులో పరాయి మనిషి తుమ్మితే ముఖం తిప్పుకుంటాం. మేనత్త కొడుకు తుమ్మితే "చల్లగాలి పడలేదురా నీకు" అంటాం. వైరస్‌కు ఈ తేడా లేదు, మనసుకు ఉంది. మనకు ఆత్మీయులైనవాళ్ల నుంచి ప్రమాదం తక్కువని మనసు లెక్క వేసుకుంటుంది. పెళ్లిళ్లలో, కర్మకాండల్లో వ్యాధి అంతగా పాకడానికి ఇదొక ముఖ్య కారణమని మా అభిప్రాయం. చనువున్న చోట దూరం జరగడం అవమానించినట్టు అనిపిస్తుంది మరి.

ఇక ఆ పేరే చిక్కు తెచ్చింది. 'సామాజిక దూరం' అన్నారు. ఊరి బావి దగ్గర, గుడి ముందు ఎవరు ఎంత దూరంలో నిలబడాలో తరతరాలుగా శాసించిన సమాజంలో ఆ మాట ఎలా వినిపిస్తుంది? అంటువ్యాధి, అంటరానితనం రెండింటిలోనూ ఉన్నది ఒకే 'అంటు'. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే 'భౌతిక దూరం' అనడం మేలని సూచించింది. మన పత్రికల్లోనూ ఆ మాట వచ్చింది గాని, నోళ్లలో మొదటిదే నిలిచిపోయింది. తెలుగు పంతుళ్లుగా మాకు 'ఎడం' అన్న చిన్న మాట ఉండగా ఇవన్నీ ఎందుకనిపిస్తుంది. ఎడంగా కూర్చో అంటే ఏ పిల్లవాడూ నొచ్చుకోడు.

నొచ్చుకోవడం చిన్న విషయం కాదు. జబ్బు వచ్చిన ఇంటి తలుపుకు నోటీసు అంటించారు. పాలవాడు ఆ వీధికి రావడం మానేశాడు, కోలుకున్నాక కూడా ఇరుగుపొరుగు మాట కలపలేదు. అది చూసిన తర్వాతి ఇల్లు ఏం చేస్తుంది? జ్వరం వచ్చినా మాత్ర వేసుకుని బయటికి చెప్పదు. అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలాంటి పోస్టర్లు అంటించవద్దని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పేసరికి తొమ్మిది నెలలు గడిచాయి.

దీని పక్కన మన పాత అలవాటు ఒకటి పెట్టి చూడండి. ఇంట్లో బిడ్డకు అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండ కడతారు. చుట్టాలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. బిడ్డను వేరే గదిలో పడుకోబెడతారు, స్నానం పోసేదాకా బయటికి పంపరు. పోలీసులు లేరు, జరిమానా లేదు. వేపమండ వైరస్‌ను ఆపదు, ఆటలమ్మకు వైద్యం డాక్టరు దగ్గరే. కాని కురుపులన్నీ పొక్కు కట్టేదాకా ఆ జబ్బు అంటుకుంటుందన్నది వైద్యులు చెప్పేదే. అంటే ఆచారం కోరిన ఎడం చాలావరకు సరైనదే. ఆ గుమ్మం మీదిది నేరం మోపే గుర్తు కాదు. ఆ ఇంటిని ఎవరూ వెలివేయరు. పైగా ఎలా ఉందమ్మా బిడ్డకు అని వాకిట్లోంచే అడిగి, మజ్జిగ అందించి పోతారు. దూరం ఉంది, ఆదరణా ఉంది. తలుపు మీది నోటీసులో రెండోది లేదు.

బడికి వచ్చేసరికి మాటతీరు ముఖ్యం. "ఎవరూ మాస్కు పెట్టుకోవడం లేదు, ఎవరూ మాట వినడం లేదు" అని ప్రార్థన సమయంలో కోప్పడితే పిల్లల చెవిన పడేది 'ఎవరూ' అన్న మాటే. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో చెట్లు రాయిగా మారిన ఒక జాతీయ వనం ఉంది. రాబర్ట్ చాల్డినీ అనే మనస్తత్వవేత్త బృందం అక్కడ బోర్డులు మార్చి చూసింది. చాలామంది ముక్కలు పట్టుకుపోతున్నారని వాపోయిన బోర్డు ఉన్నచోట, వద్దని నేరుగా కోరిన చోటికన్నా దొంగతనాలు ఎక్కువయ్యాయి. నేలమీద సుద్దతో గీసిన వలయం ఉపన్యాసం కన్నా బాగా పనిచేసింది కూడా ఇందుకే. అందరూ నిలబడుతున్న చోటు అదేనని అది చూపిస్తుంది.

అయితే మనసును మాత్రమే తప్పుపట్టడం అన్యాయం. ఎడంగా ఉండడానికి గది ఉండాలి. పూలతోటలో కూలికి వెళ్లే తల్లి, జ్వరం వచ్చిన బిడ్డతో ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోతుంది. బడికి రాని బిడ్డకు మధ్యాహ్న భోజనం పోతుంది. ఆమె నిర్లక్ష్యంతో పంపుతోందనడం సులభం.

వీటికి తోడు మనమే పెట్టిన ఆశ ఒకటుంది, నూరు శాతం హాజరు బహుమతి. వార్షికోత్సవంలో స్టీలు టిఫిన్ డబ్బా కోసం ముక్కు కారుతూ, ఒళ్లు కాలుతూ వచ్చే పిల్లలను ప్రతి బడిలోనూ చూస్తాం. ఇంట్లో ఉండమన్నది మనమే, వచ్చినందుకు చప్పట్లు కొట్టేదీ మనమే. జబ్బు సెలవును ఈ లెక్కలోంచి తీసేయాలని ఈ ఏడు సిబ్బంది సమావేశంలో మేము ప్రతిపాదించాం. లెక్కల ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అలాచేస్తే ప్రతి సెలవూ జబ్బు సెలవే అవుతుందన్నారు. ఆ మాటలోనూ నిజముంది. తల్లిదండ్రుల సంఘం ఏమంటుందో వచ్చే నెల సమావేశంలో అడగబోతున్నాం.