పాలు కక్కు బిడ్డకు అన్నప్రాశనము

దిల్‌సుఖ్‌నగర్‌లోనైనను, ఎల్.బి.నగర్‌లోనైనను ఆరవ నెల నిండిన యింట అన్నప్రాశనపు సందడి సహజము. త్రాగిన పాలు మాటిమాటికి కక్కు బిడ్డకు అన్నమెట్లు పెట్టుటాయని ఆ తల్లికి బెంగ. అన్నవాహిక కొసనున్న కండరము యింకను బలపడనందున పాలు పైకి వచ్చును. బిడ్డ హాయిగా ఆడుచు, బరువు పెరుగుచున్నచో భయము లేదు. పెక్కుమందికి ఏడాదిన్నరలోపున సర్దుకొనును.

ఆరు నెలలు నిండి, మెడ నిలిచి, ఊతతో కూర్చుండగల్గినపుడు మెత్తని పప్పన్నము రెండు మూడు చెంచాలతో ఆరంభింపవలెను. తల్లిపాలు మానరాదు. జావను పాలసీసాలో కలుపరాదు. కూర్చుండబెట్టి తినిపించి, అరగంటసేపు నిటారుగా నెత్తుకొనవలెను. నిద్రకు వెల్లకిలగనే పరుండబెట్టవలెను.

వాంతిలో ఆకుపచ్చని పసరుగాని నెత్తురుగాని కనిపించినను, బరువు తగ్గినను, వెంటనే దగ్గరనున్న పిల్లల వైద్యునికో, 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రిలోనో చూపింపవలెను.