కొండగొర్రె గొర్రె కాదు

అక్కయ్యలూ, ఆదివారంనాడు అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో మాంసం దుకాణం ముందు నిలబడి "ఏమయ్యా, ఇది మేకదా, గొర్రెదా?" అని గట్టిగా అడిగి మరీ కొంటాం గదా! ఆ మేక పుట్టిల్లు ఎక్కడో ఇరాన్ కొండల వైపు. అక్కడి బెజోర్ అనే అడవిమేకను సుమారు 10,000 ఏళ్ళ కిందట మనిషి మచ్చిక చేసుకున్నాడు.

మన దక్షిణాదిన నీలగిరి తార్ ఉంది. తమిళులు వరయాడు అంటారు. వాళ్ళ రాష్ట్ర జంతువు అదే. గిట్ట అంచు గట్టిగా, నడుమ మెత్తగా ఉంటుంది కనుక నిలువు బండమీద కూడా జారదు. దాన్ని హిమాలయ తార్‌కు తోబుట్టువనుకునేవారు. 2005లో జన్యువులు పరీక్షిస్తే గొర్రెలకే దగ్గర చుట్టమని తేలింది. వరసలు కలపడంలో మనమూ ఇలాగే పొరబడుతుంటాం లెండి.

ఇక మన నల్లమలలోని కొండగొర్రె. పేరుకే గొర్రె. అసలు చుట్టరికం మనుబోతుతో. మగదానికి నాలుగు కొమ్ములు. "గొర్రేగా, తింటే ఏం?" అనుకునేరు! 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడడం, మాంసం అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. ఊరినుంచి వచ్చిన బంధువు "అడవిమాంసం వదినా" అంటూ పొట్లం అందిస్తే, మొహమాటపడకుండా వద్దనండి.