అమెరికాలో విడాకులు, ఇండియాలో పెళ్లి: అపోహలు – వాస్తవాలు

భర్త అమెరికాలో, భార్య ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండగా కాపురం చెడితే రెండు దేశాల చట్టాలు ఎదురుపడతాయి. అప్పుడు బంధువులు తరచూ చెప్పే మాటలివి.

అపోహ: అమెరికా కోర్టు విడాకులిస్తే ఇక్కడా పెళ్లి రద్దయినట్టే.

వాస్తవం: విదేశీ తీర్పు చెల్లుతుందా లేదా అన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ ప్రకారం మన కోర్టులు తేలుస్తాయి. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక భర్త, మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులు నివసించానని చెప్పి, కాపురం ఇక నిలబడదన్న కారణంతో అక్కడ విడాకులు తెచ్చుకున్నాడు. ఆపై మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ విడాకులను గుర్తించలేమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి హిందూ వివాహ చట్టం కింద జరిగింది. ఆ చట్టంలో అలాంటి కారణం లేదు. మిస్సోరి కోర్టు పరిధిని భార్య ఒప్పుకోనూ లేదు.

అపోహ: ఎలాగూ ఇక్కడ చెల్లదు, అక్కడి నోటీసును పక్కన పడేయొచ్చు.

వాస్తవం: ఇక్కడ చెల్లని తీర్పు అక్కడ చెల్లుతుంది. అక్కడి ఇల్లు, బ్యాంకు ఖాతాల పంపకం భార్య వాదన వినకుండానే అయిపోవచ్చు. అలాగని అక్కడి కోర్టు పరిధిని ఒప్పుకొని వాదిస్తే, ఆ తీర్పుకు ఇక్కడా కట్టుబడాల్సి రావచ్చు. ఆ కోర్టుకు పరిధి లేదని అభ్యంతరం తెలుపుతూ జవాబివ్వడం వేరు. దాన్ని పరిధికి ఒప్పుకోలుగా చూడరాదని పైన చెప్పిన 1991 సుప్రీంకోర్టు తీర్పే చెబుతోంది. అందుకే జవాబు రాసేముందు రెండు దేశాల లాయర్లనూ అడగాలి.

అపోహ: పిల్లల్ని ఇండియా తీసుకొచ్చేస్తే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరని మాట నిజమే. విదేశీ కోర్టు ఉత్తర్వు కన్నా బిడ్డ మేలే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాటా నిజమే. కానీ ఆ మేలు విదేశంలోనే ఉందనిపిస్తే కోర్టు అక్కడికే పంపుతుంది. 2019లో ఒక కేసులో పిల్లల్ని అమెరికాకు పంపమంది. మరోవైపు, ఇలా పిల్లల్ని తీసుకెళ్లడం 1993 నాటి అమెరికా చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడే నేరం.

అపోహ: రెడ్ నోటీస్ ఇప్పిస్తే అల్లుణ్ణి అమెరికాలో అరెస్టు చేస్తారు.

వాస్తవం: ఇంటర్‌పోల్ రెడ్ నోటీస్ అరెస్టు వారంటు కాదు, సభ్యదేశాలకు పంపే వినతి. అదొక్కటే చూసి అమెరికా అరెస్టు చేయదు. భారత్, అమెరికాల మధ్య 1997 నాటి నేరస్తుల అప్పగింత ఒప్పందం వర్తించాలంటే, అతనిపై ఆరోపించిన పని రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి శిక్షపడే నేరమై ఉండాలి. అతను భారత పౌరుడైతే ఇంకో దారి ఉంది: క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు రద్దు చేసే అధికారం మన చట్టంలో ఉంది.

అపోహ: అక్కడ ఇద్దరూ ఒప్పుకొని విడిపోయినా ఇక్కడ మళ్లీ కేసు వేయాల్సిందే.

వాస్తవం: అవతలి పక్షం మనస్ఫూర్తిగా ఒప్పుకున్న విడాకులను గుర్తించవచ్చని 1991 తీర్పే మినహాయింపు ఇచ్చింది. అయితే తీర్పు జిరాక్సు కాపీ చాలదు. ఆ కేసులో భర్త చూపించింది అదే. కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు. చట్టప్రకారం ధ్రువీకరించిన ప్రతిని తెచ్చుకుని భద్రపరచుకోవాలి.