ఇఱుకు కొట్టులో పెద్ద కాపురము



మన మనుమల చేతులలోని ఫోనులను మనమెల్లరము చూచుచునే యున్నాము. వ్రేలు సోకినంతనే బొమ్మ కదలును. ఒక పనిమీద మఱియొక పని తెఱచుకొనును. నాలుగు గిగాబైట్ల మెమరీ గల ఫోను నేడు సామాన్యము. అమెరికా దేశమున యాపిల్ సంస్థవారు 1984వ సంవత్సరము జనవరి 24వ తేదీన వెలువరించిన మెకింతోష్ అను కంప్యూటరునందున్న మెమరీ 128 కిలోబైట్లు మాత్రమే. అట్టివి 32,768 చేరిననే గాని ఆ ఫోను మెమరీ కాజాలదు. అయినను ఆ చిన్న యంత్రము తెరపై బొమ్మలను, కిటికీలను, పనుల పట్టికలను చూపి, మౌసు అను చేతిపరికరముతో పని చేయించెను. అది యెట్లు పొసగెనో, అందులకు చెల్లించిన మూల్యమేమో నేడు విన్నవించెదను.

మెమరీ యనగా యంత్రము పనిచేయునంతసేపు తన యెదుట నుంచుకొను పలక వంటిది. విద్యుత్తు ఆగినచో పలకపై వ్రాత తుడిచిపెట్టుకొనిపోవును. ఒక ఆంగ్లాక్షరము పట్టు చోటు ఒక బైటు. 128 కిలోబైట్లనగా 1,31,072 అక్షరములు. పుటకు రెండువేల చొప్పున అఱువదియైదు పుటల చిన్న పుస్తకము. తెరపైని బొమ్మ, ప్రోగ్రాము అనబడు ఆజ్ఞల వరుస, మనము వ్రాయు వ్రాత, ఇవన్నియు అందులోనే యిమడవలెను.

తెర లెక్క చూడుడు. అడ్డముగా 512, నిలువుగా 342 చుక్కలు. ప్రతి చుక్కయు నలుపో తెలుపో తెలుపుటకు ఒక బిట్టు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. హెచ్చవేసి భాగింపగా 21,888 బైట్లగును. ఉన్న ఆస్తిలో ఆఱవ పాలు తెరకే చెల్లినది! రంగులు కూడ కోరియున్నచో ఆ పాలు మఱింత పెరిగియుండెడిది.

ఇట్టి పేదఱికమును నిర్మాతలు నాలుగు ఉపాయములతో గట్టెక్కిరి.

మొదటిది, ఉమ్మడి సామగ్రి. కిటికీ గీయుట, పట్టిక చూపుట మొదలగు పనుల ఆజ్ఞలను రోమ్ అను చెఱుపరాని 64 కిలోబైట్ల మెమరీలో వేఱుగా నిలిపిరి. అందు బొమ్మలు గీయు భాగమును రచించినవాడు బిల్ అట్కిన్సన్. సత్రములోని గుండిగలను పెండ్లివారందఱును వాడుకొన్నట్లు, ప్రతి ప్రోగ్రామును వానినే వాడుకొనెను.

రెండవది, మరల పుట్టింపదగినదానిని దాచకుండుట. ఒక కిటికీ మఱియొకదానిని కప్పినప్పుడు మఱుగుపడిన బొమ్మను యంత్రము భద్రపఱుపదు. పై కిటికీ తొలగగానే, “ఈ మేర మరల గీయుము” అని ప్రోగ్రామునకు తెలుపును. అడిగినప్పుడెల్ల కథను మరల చెప్పు పౌరాణికునకు వ్రాతప్రతితో పనియేమి?

మూడవది, ప్రోగ్రామును ముక్కలుగా కోసి, కావలసిన ముక్కను మాత్రము ఫ్లాపీ డిస్కునుండి తెచ్చుకొని, తీఱినపిదప విడిచిపెట్టుట. డిస్కు 400 కిలోబైట్లది. దానిని పెట్టు అర యంత్రమున ఒక్కటే. అందుచేత ఆ డిస్కు తీసి ఈ డిస్కు, ఈ డిస్కు తీసి ఆ డిస్కు పెట్టుచు మనుష్యుడే కూలివాడు కావలసివచ్చెను.

నాలుగవది మిక్కిలి సూక్ష్మమైనది. ధాన్యపు కొట్టును తలపోయుడు. నడుమ నడుమ బస్తాలు తీయగా ఖాళీలు చెదరి యుండును. మొత్తము చోటున్నను పెద్ద బస్తా యొక్కటియు పట్టదు. అప్పుడు బస్తాలన్నిటిని ఒక ప్రక్కకు జరుపవలెను. జరిపిన పిమ్మట ఎవరి బస్తా యెక్కడనో తెలియుటెట్లు? గుమ్మమువద్ద ఒక చిట్టా నుంచి, జరిపినప్పుడెల్ల కొత్త తావు అందు వ్రాయవలెను. పాలేర్లు తావును మనసున నుంచుకొనక, ప్రతిమాఱును చిట్టా చూచియే లోనికి పోవలెను. మెకింతోష్ మెమరీని నడిపినది ఈ చిట్టా పద్ధతియే.

చిక్కంతయు ఇచ్చటనే. ఒక పాలేరు చిట్టా చూడక, నిన్నటి గుర్తు పట్టుకొని తిన్నగా పోయినచో, పరుల బస్తాలో చేయి పెట్టును. కొట్టునందు గోడలు లేవు, ఆపువాడు లేడు. ఒక ప్రోగ్రాము చేసిన ఇట్టి పొరపాటునకు యంత్రమంతయు స్తంభించి, డిస్కున కెక్కింపని గంటల వ్రాత క్షణములో నశించెడిది.

1985వ సంవత్సరము నవంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థవారు వెలువరించిన విండోసు మొదటి కూర్పునకు కనీసము 256 కిలోబైట్లు కావలసియుండెను. అందును ముక్కలను జరుపుట, విడుచుట కలవు. అయితే అది పలు ప్రోగ్రాములను ఒక్కసారిగా తెఱచి, పెంకుల వలె ప్రక్కప్రక్కన నిలిపెను. ఒక్కొక్కటి తన వంతు ముగిసినంతనే తానై తొలగి, ఇతరులకు చోటీయవలెను. ఒకటి మొండికేసినచో తక్కినవన్నియు నిలిచిపోవును.

పిదప మెమరీ చౌకయయ్యెను. ప్రోగ్రాముల నడుమ గోడలును లేచెను. 1993లో విండోసు ఎన్‌టీ, 2001లో మాక్ ఓఎస్ టెన్ అట్టి గోడలతో వచ్చినవి. ఇప్పుడు ఒక ప్రోగ్రాము కూలినను తక్కినవి సాధారణముగా నిలుచును.

కావున ఆ తొలి యంత్రములు పొదుపుచే బ్రదికినవి, కట్టుబాటు తప్పిన చోట కూలినవి. ఇఱుకింట నలుగురు కాపురముండుటకు తెలివి యొక్కటియే చాలదు. ఒకరి హద్దు నొకరు మన్నింపవలెను. గోడలు లేచిన ఈ నాడును విద్యుత్తు ఆగినచో పలక తుడుచుకొనిపోవుట మాత్రము మాఱలేదు. అందుచే మీ పిల్లలు కంప్యూటరుపై వ్రాయుచున్నప్పుడు, వ్రాసినదానిని వెంటవెంటనే భద్రపఱచుకొనుమని చెప్పుడు.